ఫ్రీజర్ గదికి కూలింగ్ ఎందుకు అందదు? గ్యాస్ మాటకు ముందు చూడాల్సిన లెక్క

రోహిణి కార్తె రాకముందే డెల్టాలో ఈ మాట మొదలవుతుంది: "గదికి కూలింగ్ అందట్లేదండి." భీమవరం చుట్టుపక్కల రొయ్యలు నిల్వ పెట్టేవాళ్లు, పాలకొల్లులో ఐస్‌క్రీం ఏజెన్సీవాళ్లు, అమలాపురంలో హోటళ్లకు చేపలు వేసేవాళ్లు, ఎవరిని కదిపినా ఇదే గోడు. దాని వెనకే వచ్చే రెండో మాట, "గ్యాస్ తగ్గిందేమో."

మా బాబాయికి ఇలాంటి గది ఒకటుంది. 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు. ప్లాంటులో గడ్డకట్టించి తెచ్చిన వనామీ రొయ్యలు, కొంచెం పండుగప్ప ముక్కలు ఉంటాయి. మైనస్ 18 చూపించాల్సిన డిస్‌ప్లే ఒకరోజు మైనస్ 9 చూపించింది. మెకానిక్ వచ్చి గేజీ పెట్టి, "గ్యాస్ తగ్గిందండి" అని కొంత కొట్టి వెళ్లాడు. రెండు రోజులు ఫర్వాలేదనిపించి మళ్లీ మైనస్ 10. మళ్లీ గ్యాస్. మూడోసారికి మిషన్ మిట్టమధ్యాహ్నం ట్రిప్ కావడం మొదలెట్టింది. లోపల సరుకు, బయట ఎండ, బాబాయికి ఒకటే టెన్షన్.

ఆ గదికి గ్యాస్ ఎప్పుడూ తగ్గలేదు. మరి గేజీలో తక్కువెందుకు చూపించింది? ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నదంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

చల్లదనం తయారు కాదు, వేడిని తోడి పోస్తారు

రొయ్యల చెరువు ఎండగట్టేటప్పుడు ఇంజన్ పెట్టి నీళ్లు తోడతాం కదా. ఫ్రీజర్ గదిలో జరిగేదీ అదే, నీటి బదులు వేడి. లోపల ఫ్యాన్ల వెనకున్న కాయిల్‌లో, అంటే రెక్కలు తొడిగిన గొట్టాల చుట్టలో, గ్యాస్ ద్రవంగా వచ్చి మరిగి ఆవిరవుతూ గదిలో వేడిని పీల్చుకుంటుంది. కంప్రెసర్ ఆ ఆవిరిని లాగి, గట్టిగా నొక్కి, బయటున్న కండెన్సర్‌కి పంపుతుంది. అక్కడ అది వేడిని బయటి గాలికి వదిలేసి మళ్లీ ద్రవమవుతుంది. ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దాన్ని కొలిచి కొలిచి తిరిగి లోపలి కాయిల్‌లోకి వదులుతుంది. గ్యాస్ ఈ దారిలో తిరుగుతూనే ఉంటుంది తప్ప ఖర్చయ్యేది కాదు. డీజిల్‌లా వాడితే అయిపోదు. నిజంగా తగ్గిందంటే ఎక్కడో కారినట్టే.

చెరువులో నీటిమట్టం తగ్గడం లేదంటే ఇంజన్ సరిగా తోడకపోవచ్చు, లేదా గట్టుకి గండి పడి నీరు లోపలికి వస్తూ ఉండొచ్చు. గదిలో కూడా అంతే. లోపలికి వచ్చే వేడి పెరిగిందా, లోపలి కాయిల్ ఆ వేడిని అందుకోలేకపోతోందా, బయటి మిషన్ దాన్ని వదిలించుకోలేకపోతోందా అన్నవి మూడు వేరు వేరు సంగతులు. గ్యాస్ అన్నది వీటిలో ఒకదానిలోని ఒక భాగం మాత్రమే.

మరో తికమక "టన్ను" దగ్గర వస్తుంది. కూలింగ్ లెక్కలో ఒక టన్ను అంటే గంటకు సుమారు మూడున్నర యూనిట్ల (కరెంటు మీటరులో లెక్కపెట్టే యూనిట్లే) వేడిని తోడే శక్తి. అయితే అది ఏ ఉష్ణోగ్రత దగ్గర అన్నది ముఖ్యం. ఏసీకి 5 టన్నులిచ్చే కంప్రెసర్ మైనస్ 18 గదికి పనిచేసేటప్పుడు అందులో సగం కూడా ఇవ్వకపోవచ్చు. ఎంత చల్లటి చోటి నుంచి తోడాలో అంత లోతు బావి అన్నమాట.

డిస్‌ప్లే అంకె గాలిదా, సరుకుదా?

డిస్‌ప్లే చూపేది సెన్సర్ దగ్గరి గాలి ఉష్ణోగ్రత. ఫ్యాన్ గాలి నేరుగా తగిలేచోట సెన్సర్ వేలాడుతుంటే సరుకు మైనస్ 12లో ఉన్నా అంకె మైనస్ 18 అంటుంది. తలుపు దగ్గరుంటే తెరిచినప్పుడల్లా మైనస్ 8కి ఎగబాకుతుంది, కానీ అట్టపెట్టె మధ్యలో రొయ్య కదిలి ఉండదు. గడ్డకట్టిన సరుకుకు మన ఆహార భద్రతా నిబంధనలు అడిగే మైనస్ 18 సరుకు లోపలి ఉష్ణోగ్రతకు సంబంధించింది.

అసలు సెన్సర్ నిజం చెబుతోందా అన్నదానికి పాత పరీక్ష ఒకటుంది. గ్లాసు నిండా దంచిన ఐసు, అది మునిగేదాకా మంచినీళ్లు, బాగా కలిపి సెన్సర్ ముంచితే అంకె సున్నా దగ్గర నిలవాలి. 3 చూపిస్తే 3 డిగ్రీల అబద్ధం గది మొత్తానికీ ఉన్నట్టు. బాబాయి గదిలో అర డిగ్రీ తేడా వచ్చింది, అంటే అంకె దాదాపు నిజమే.

వేడి ఏ దారిన వస్తోంది: గోడ, తలుపు, సరుకు

ఇక్కడ కొంచెం లెక్క వేసుకుంటే చాలా అపోహలు పోతాయి. బాబాయి గదినే తీసుకుందాం. వేడిని ఆపే నురుగు నింపిన 150 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్; గోడలు, నేల, కప్పు కలిపి 126 చదరపు మీటర్లు. బయట 32 డిగ్రీలు, లోపల మైనస్ 18, తేడా 50. ప్యానెల్ బాగుంటే ఈ మొత్తం ఒంటిలోంచి లోపలికి దిగే వేడి గంటకు సుమారు ఒక యూనిట్, అంటే ఒక కిలోవాట్. ఇది ఊహించినంత పెద్దది కాదు.

ఇప్పుడు తలుపు. డెల్టాలో వానకు ముందు ఉక్కపోసే సాయంత్రం 32 డిగ్రీలు, 80 శాతం తేమ మామూలే. అలాంటి గాలి ఒక ఘనపు మీటరులో సుమారు 27 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. మైనస్ 18 గాలి ఒక గ్రాము మాత్రమే పట్టుకోగలదు. మిగతా 26 గ్రాములు లోపల ఎక్కడో ఒకచోట మంచుగా దిగాల్సిందే. ఈ గది 90 ఘనపు మీటర్లు. తలుపు బార్లా తీసి సరుకు దింపుతుంటే చల్లగాలి కిందినుంచి జారిపోతుంది, పాదాలకు తెల్లటి పొగలా తగిలేది అదే. వేడిగాలి పైనుంచి లోపలికి దూరుతుంది. ఇలా గది గాలంతా ఒక్కసారి మారితే లోపలికి వచ్చే వేడి సుమారు 3.4 యూనిట్లు. గోడలన్నీ కలిసి మూడు గంటల పైచిలుకు ఇచ్చే వేడి, ఒక్క తలుపు తీసిన దెబ్బకి. అందులో సగానికి పైగా తేమ తెచ్చిందే. దాంతోపాటు 2.3 కిలోల మంచు. రోజుకు పదిసార్లు ఇలా జరిగితే 23 కిలోలు.

ఎండలు ఎక్కువగా ఉండి గాలి పొడిగా ఉండే ఊళ్లో ఇదే మిషన్ ఇంత కష్టపడదు. మన దగ్గర ఎండకంటే ఉక్కే ఫ్రీజర్ గదికి పెద్ద శత్రువు అని నా నమ్మకం. తలుపుకుండే రబ్బరు ఒక మూల చీలిపోతే అక్కడ పైకి కనిపించేది చెంచాడు మంచే. కానీ అది రాత్రింబవళ్లు తెరిచి ఉన్న చిన్న తలుపు.

మూడోది సరుకు. గడ్డకట్టిన ఒక టన్ను రొయ్య మైనస్ 10లో వచ్చిందనుకోండి. దాన్ని మైనస్ 18కి దింపడానికి నాలుగున్నర యూనిట్ల వేడి తోడితే చాలు. అదే టన్ను గడ్డకట్టకుండా 5 డిగ్రీలలో వస్తే? రొయ్యలో ముప్పాతిక వంతు నీరే. ఆ నీరు గడ్డకట్టేటప్పుడు కిలో నీటికి 334 కిలోజౌళ్లు వదులుతుంది. అన్నీ కలిపితే సుమారు 86 యూనిట్లు, దాదాపు ఇరవై రెట్లు. గంటకు 10 యూనిట్లు తోడే మిషన్ వేరే ఏ పనీ లేకుండా దీనికే ఎనిమిదిన్నర గంటలు పనిచేయాలి. ఈలోగా పాత సరుకు కూడా వేడెక్కుతుంది, కొత్త సరుకు నెమ్మదిగా గడ్డకట్టి లోపల పెద్ద మంచు పలుకులు ఏర్పడి, కరిగించినప్పుడు నీరు కారి మెత్తబడుతుంది.

నిల్వ గది వేరు, గడ్డకట్టించే గది వేరు. ఎగుమతి ప్లాంట్లలో గడ్డకట్టించడానికి మైనస్ 35, మైనస్ 40 దగ్గర నడిచే బ్లాస్ట్ ఫ్రీజర్లు, ప్లేట్ ఫ్రీజర్లు ఉంటాయి. మైనస్ 18 గది ఆ పనికి కట్టింది కాదు. "కూలింగ్ అందట్లేదు" అన్న ఫిర్యాదుల్లో కొన్ని నిజానికి మిషన్ లోపాలు కావు, గదికి ఇవ్వకూడని పని ఇవ్వడం.

కాయిల్ మీద మంచు: పైకి కనపడని దుప్పటి

బాబాయి గదిలో అసలు సంగతి ఇక్కడుంది. లోపలి యూనిట్ ముందునుంచి చూస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, జాలీ మీద పెద్దగా మంచు లేదు. అందరూ చూసేది ఆ ముందు వైపే. సెల్‌ఫోన్ టార్చి పట్టుకుని స్టూలెక్కి వెనక్కి వంగి చూస్తే అర్థమైంది. గది గాలి కాయిల్‌లోకి దూరేది వెనక వైపునుంచి. అక్కడ రెక్కకూ రెక్కకూ మధ్య సందు కనిపించలేదు. ఐస్ ఫ్యాక్టరీలో అచ్చు నుంచి తీసిన దిమ్మలా తెల్లగా, గట్టిగా మూసుకుపోయింది. చెయ్యి పెడితే గాలి లాగుతున్న ఆనవాలే లేదు.

ఫ్యాన్ తిరుగుతున్నంత మాత్రాన గాలి ఆడుతున్నట్టు కాదు. గాలి ఆడకపోతే కాయిల్ ఎంత చల్లగా ఉన్నా గది వేడి దానికి చేరదు.

మంచు కట్టడం తప్పు కాదు, కట్టి తీరుతుంది. దాన్ని కరిగించడానికే డీఫ్రాస్ట్ ఉంది. రోజుకు మూడు నాలుగుసార్లు కూలింగ్ ఆపి, ఫ్యాన్లు ఆపి, కాయిల్‌లోని హీటర్లు వెలిగించి, కరిగిన నీటిని గొట్టం ద్వారా బయటికి పంపుతారు. ఇందులో ఏ ఒక్కటి తప్పినా మంచు మిగులుతుంది. మిగిలిన మంచు సగం కరిగి మళ్లీ గడ్డకట్టి మెత్తటి నుసి కాస్తా గట్టి ఐసవుతుంది. తర్వాతి డీఫ్రాస్ట్‌కి అది మరింత మొండికేస్తుంది. నీరు పోయే గొట్టానికి హీటర్ పాడైతే నీరు ట్రేలోనే గడ్డకట్టి కింది నుంచి పైకి పెరుగుతూ వస్తుంది.

బాబాయి గదిలో మూడు హీటర్లలో ఒకటి కాలిపోయింది. రెండో తప్పు మరింత చిత్రమైనది. డీఫ్రాస్ట్ టైమర్ ముల్లుతో తిరిగే పాతరకం, బ్యాటరీ లేదు. కరెంటు పోయి జనరేటర్ వేసేలోపు ఆ గడియారం కూడా ఆగిపోతుంది. రోజుకు అరగంట ఆగితే ఆరు రోజులకు మూడు గంటలు వెనకబడుతుంది. తెల్లవారుజామున 5 గంటలకు, తలుపు తీయని వేళలో జరగాలని పెట్టిన డీఫ్రాస్ట్ కాస్తా 8 గంటలకు, సరిగ్గా సరుకు దింపే వేళకు జారింది. అంటే కూలింగ్ ఆగి, హీటర్లు వెలిగి, తలుపు తెరిచి ఉన్న సమయం ఒకటే అయింది. ఎవరూ ఏ తప్పూ చేయలేదు. వేసవి కరెంటు కోతలు మెల్లగా ఆ ముల్లుని జరుపుకుంటూ వెళ్లాయి.

గేజీలో ప్రెషర్ తగ్గితే రెండు అర్థాలు

మెకానిక్‌ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఆయన చూసింది నిజమే. కంప్రెసర్‌లోకి గ్యాస్ తిరిగొచ్చే వైపు, అంటే సక్షన్ ప్రెషర్ తక్కువగా ఉంది. గ్యాస్ నిజంగా తగ్గినా అది తగ్గుతుంది. కాయిల్ మంచుతో మూసుకుపోయినా తగ్గుతుంది, ఎందుకంటే వేడి అందక లోపల గ్యాస్ సరిగా మరగదు. గేజీ ఒక్కటే ఈ రెండింటినీ విడదీయలేదు.

విడదీసేవి వేరే గుర్తులు. గ్యాస్ తక్కువైతే కాయిల్‌కి సరిపడా ద్రవం చేరదు. మంచు లోపలికి వచ్చే మొదటి వరసల మీదే కట్టి, మిగతా కాయిల్ పొడిగా ఉంటుంది. తిరిగొచ్చే గొట్టంలోని గ్యాస్ మామూలు కంటే వేడెక్కి వస్తుంది. దీన్నే సూపర్‌హీట్ ఎక్కువైందంటారు. బయటి ప్రెషర్, అంటే కండెన్సర్ వైపు ప్రెషర్ కూడా పడిపోతుంది. ద్రవం వెళ్లే గొట్టానికి ఉండే చిన్న గాజు కిటికీలో, అంటే సైట్ గ్లాస్‌లో బుడగలు పరుగెడతాయి. కాయిల్ మూసుకుపోతే కథ తిరగబడుతుంది. గాజు నిండుగా ఉంటుంది, సూపర్‌హీట్ తక్కువగా ఉంటుంది, తిరిగొచ్చే గొట్టం మీద మంచు కంప్రెసర్ దాకా పాకుతుంది. మరగకుండా మిగిలిన ద్రవం కంప్రెసర్‌లోకి చేరితే అది కంప్రెసర్‌కే చేటు.

బుడగల్ని కూడా గుడ్డిగా నమ్మలేం. ద్రవం దారి మధ్యలో తేమనీ చెత్తనీ పట్టే డ్రయ్యర్ మూసుకుపోయినా బుడగలు వస్తాయి, సక్షన్ తగ్గుతుంది. అప్పుడు డ్రయ్యర్‌కి ఇవతల చెయ్యి పెడితే గోరువెచ్చగా, అవతల చల్లగా తగులుతుంది. గ్యాస్ దారిలో తేమ చిక్కుకుంటే అది ఎక్స్‌పాన్షన్ వాల్వ్ రంధ్రం దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది. మిషన్ ఆగితే కరుగుతుంది, మళ్లీ నడిస్తే మళ్లీ మూస్తుంది. "కాసేపు బాగుంటుంది, కాసేపు ఉండదు" అనే ఫిర్యాదుల్లో దీనికి చోటుంది. సక్షన్ తగ్గకుండా పెరిగి, బయటి ప్రెషర్ పడిపోతే కంప్రెసర్ లోపలి వాల్వులు అరిగాయన్న అనుమానం బలపడుతుంది.

మంచు వల్ల తగ్గిన ప్రెషర్ చూసి గ్యాస్ కొట్టినప్పుడు ఏమవుతుందో బాబాయి మిషనే చూపించింది. రెండుసార్లు అదనంగా ఎక్కిన గ్యాస్ కండెన్సర్‌లో ద్రవంగా పేరుకుని, వేడి వదలాల్సిన జాగాని ఆక్రమించింది. బయటి ప్రెషర్ పెరిగింది. ఎండ ముదిరే వేళకు హద్దు దాటి ట్రిప్ కొట్టింది.

అలాగని గ్యాస్ మాట ఎప్పుడూ అబద్ధమనుకోవడం కూడా పొరపాటే. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలతాయి, అతుకుల దగ్గర తుప్పు పడుతుంది, కంప్రెసర్ అదురుకి రాగి గొట్టాలు రాసుకుని చిల్లులు పడతాయి. అక్కడ కారడం నిత్యం జరిగేదే. సబ్బు నురుగులో బుడగో, అతుకు దగ్గర నూనె మరకో కనపడితే గ్యాస్ తగ్గిందనడానికి రుజువు దొరికినట్టు. చిల్లు వెతక్కుండా గ్యాస్ మాత్రం నింపితే కొన్నాళ్లకు మళ్లీ అదే ఫిర్యాదు.

బయట జరిగేది: ఊక, కొబ్బరి పీచు, ఉప్పునీరు, కరెంటు

కండెన్సర్ వేడిని బయటి గాలికి వదలాలంటే దాని రెక్కల్లోంచి గాలి ధారాళంగా పోవాలి. రైస్ మిల్లు పక్కనుంటే ఊకదుమ్ము, కోనసీమలో పీచు తీసేచోట కొబ్బరి పొట్టు, రెక్కల మీద దుప్పటిలా పరుచుకుంటాయి. రేకుల షెడ్డులో గోడకి ఆనించి పెడితే తను వదిలిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటుంది. 38 డిగ్రీల రోజున దాని చుట్టూ 45 ఉండొచ్చు.

నీటితో చల్లబరిచే కండెన్సర్లకు డెల్టాలో మరో సమస్య. వేసవిలో కాలువలు కట్టేశాక చాలాచోట్ల బోరునీరే దిక్కు. సముద్రం వైపు మండలాల్లో ఆ నీరు ఉప్పగా, కరడుగా ఉంటుంది. గొట్టాల లోపల గార కడుతుంది. గార రాయిలాంటిది, వేడిని దాటనివ్వదు.

ఇక కరెంటు. వోల్టేజ్ 10 శాతం పడితే మోటారు తిప్పుడు బలం సుమారు 19 శాతం పడిపోతుంది, ఎందుకంటే అది వోల్టేజ్ వర్గాన్నిబట్టి, అంటే వోల్టేజ్‌ని దానితోనే గుణిస్తే వచ్చేదాన్నిబట్టి మారుతుంది. కంప్రెసర్ వేడెక్కి ఓవర్‌లోడ్ మీద ఆగుతుంది, చల్లారాక మళ్లీ ఎత్తుకుంటుంది. చూసేవాళ్లకి మిషన్ నడుస్తూనే ఉన్నట్టుంటుంది, గదికి మాత్రం సగం పూటే కూలింగ్.

ఏ గ్యాస్ అన్నది ఇప్పుడు ఎందుకు పెద్ద ప్రశ్న?

పాత గదుల్లో ఇంకా ఆర్‌-22 ఉంది. ఓజోన్ పొరకి హాని చేస్తుందని మాంట్రియల్ ఒప్పందం కింద 2030 నాటికి మన దేశంలో దీన్ని దాదాపు పూర్తిగా ఆపేయాలి. తర్వాత వచ్చిన ఆర్‌-404ఏ ఓజోన్‌ని ముట్టదు. కానీ భూమిని వేడెక్కించడంలో ఒక కిలో ఆర్‌-404ఏ సుమారు 3,900 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానం. 2016 కిగాలి ఒప్పందాన్ని భారత్ 2021లో ఆమోదించింది. దాని ప్రకారం ఈ తరహా గ్యాసుల వాడకం 2028లో పెరగకుండా నిలిచి, 2047 నాటికి 85 శాతం తగ్గాలి. పెద్ద ప్లాంట్లూ ఐస్ ఫ్యాక్టరీలూ వాడే అమ్మోనియాకి ఈ రెండు దోషాలూ లేవు, కానీ అది విషం, అందుకే చిన్న గదికి ఎవరూ పెట్టరు. ఆర్‌-22 మిషన్‌లో చేతికి దొరికిన వేరే గ్యాస్ కలిపేస్తే ప్రెషర్‌కీ ఉష్ణోగ్రతకీ ఉన్న లెక్క చెడిపోతుంది, ఆపై ఏ గేజీ చెప్పేదీ నమ్మలేం.

వాదాలున్న రెండు చోట్లు

కూలింగ్ అందనప్పుడు కొందరు సెట్టింగ్‌ని మైనస్ 18 నుంచి మైనస్ 24కి దించుతారు. ముందే చల్లగా ఉంచితే కరెంటు పోయినా సరుకు తట్టుకుంటుందన్నది వాళ్ల మాట. ఆరోగ్యంగా ఉన్న మిషన్‌కి, రాత్రి చల్లటి వేళల్లో, ఇది నిజమే. సరుకే ఒక చలి నిల్వ అవుతుంది. కానీ మైనస్ 9 కూడా దాటలేని మిషన్‌కి సెట్టింగ్ మార్చినా బలం పెరగదు. అది విరామం లేకుండా నడుస్తుంది, మంచు ఇంకా కడుతుంది.

రెండోది డీఫ్రాస్ట్ ఎన్నిసార్లు అన్నది. తక్కువైతే మంచు పేరుకుంటుంది. ఎక్కువైతే హీటర్లు గదినే వేడి చేస్తాయి. నాకు సబబనిపించేది, సంఖ్య కన్నా ఎప్పుడు ముగుస్తుందన్నది చూడటం. కాయిల్ నిజంగా కరిగి పది డిగ్రీలకు చేరాక ఆపే సెన్సర్ ఉంటే ఉక్క రోజున ఎక్కువసేపు, పొడి రోజున తక్కువసేపు అదే చూసుకుంటుంది. నిమిషాలు మాత్రమే లెక్కపెట్టే టైమర్‌కి ఆ తేడా తెలియదు.

బాబాయి గదిలో సరుకంతా రెండు రోజులు పక్క ఊరి గదికి మార్చి, కాయిల్ పూర్తిగా కరగనిచ్చారు. కాలిన హీటరు, తలుపు రబ్బరు, టైమర్ మారాయి. అదనపు గ్యాస్‌ని సిలిండర్‌లోకి తిరిగి లాగారు. ఆ పని చేసింది కూడా మొదట వచ్చిన మెకానిక్కే, చాలా ఓపికగా చేశాడు. ఇప్పుడు తలుపు పక్కన గోడకి ఒక కాగితం అంటించి ఉంది. నిన్న వెళ్లినప్పుడు చూస్తే బాబాయి చేతిరాతలో ఉదయం 5కి మైనస్ 19, మధ్యాహ్నం 2కి మైనస్ 16, రాత్రి 9కి మైనస్ 18. ఆ మధ్యాహ్నపు రెండు డిగ్రీలు ఇంకా తేలలేదు. కండెన్సర్ పడమటి గోడకి ఉంది, దాని రెక్కల మీద వేలితో గీస్తే ఊకదుమ్ము అంటింది. ఆదివారం దాన్ని కడిగి, సోమవారం నుంచి మళ్లీ అంకెలు రాస్తానన్నాడు.